పేదవాడలో పుట్టిన బాలవిద్య: డాక్టరు మరియా మాంటిసోరి

మాంటిసోరి అనే పేరు వినని ఉపాధ్యాయుడు నేడు తెలుగునాట ఉండడు. పట్టణాలలో ఆ పేరు తగిలించుకొన్న శిశుపాఠశాలలు వీధివీధికీ వెలిసినవి. ఎత్తయిన ప్రహరీ, రంగురంగుల ఉపకరణాలు, ఇస్త్రీ మడత నలగని దుస్తులలో పిల్లలు, తండ్రి జేబుకు బరువైన ఫీజు: ఆ పేరు చెప్పగానే సామాన్యుని మనస్సులో మెదిలే చిత్రం ఇదే. కాని ఆ విద్యావిధానానికి జన్మస్థానం సంపన్నుల వాడ కాదు. రోము నగరంలో రోజుకూలీలు కాపురమున్న ఒక అద్దె భవనంలో, తల్లిదండ్రులు పనికి పోగా మెట్లమీద, నడవాలలో ఆలనాపాలనా లేక తిరుగాడిన పిల్లల నడుమ అది పుట్టింది. చదువురాని తల్లులు ఆ పుట్టుకకు మంత్రసానులు.

కష్టాల కాపురంలో పెరిగే పిల్లవానిలో సహితం నిలదొక్కుకొనే శక్తి ఒకటి దాగి ఉంటుంది. దానిని కనుగొనదలచినవారు ముందుగా ఆ ఇంటి తలుపు తట్టి, లోపలివారి నమ్మకం సంపాదించుకోవలె. మాంటిసోరి జీవితంలో ఉపాధ్యాయులు గ్రహింపదగిన ముఖ్యాంశం ఇది. ఎందరో తల్లుల నమ్మకాన్ని చూరగొన్న ఆమె, తన కన్నబిడ్డను మాత్రం తన ఇంట పెంచుకొనలేకపోయింది. ఆ దుఃఖం కూడా ఆ జీవితంలో అంతర్వాహినిగా సాగింది.

బాల్యం, వైద్యవిద్య

మరియా మాంటిసోరి 1870 ఆగస్టు 31న ఇటలీలో అంకోనా మండలానికి చెందిన కియరవల్లె అనే చిన్న పట్టణంలో జన్మించింది. తండ్రి అలెస్సాండ్రో ప్రభుత్వోద్యోగి. పాతకాలపు పద్ధతులను పాటించే మనిషి. తల్లి రెనిల్డె పుస్తకాలయందు ఆసక్తి గల విద్యావతి. వారికి ఆమె ఒక్కతే సంతానం. తండ్రి ఉద్యోగం కారణంగా కుటుంబం ఫ్లారెన్సుకు, అక్కడినుండి 1875లో రోముకు తరలివచ్చింది.

ఆ రోజులలో చదువుకొన్న యువతికి ఉపాధ్యాయిని కావడమే గౌరవప్రదమైన మార్గమని ఇటలీలో పెద్దలు భావించేవారు. తండ్రి అభిప్రాయం కూడా అదే. పిల్లలకు చదువు చెప్పడం తనకు ఎంతమాత్రం వద్దని భీష్మించుకొన్న బాలిక, ముందుముందు ప్రపంచంలోని బాలవిద్యనే మార్చివేయడం విధి విలాసం. ఆమె మగపిల్లలు చదివే సాంకేతిక పాఠశాలలో చేరింది. మొదట ఇంజనీరు కాదలచింది. పిమ్మట మనసు వైద్యంవైపు మళ్ళింది. తండ్రి అయిష్టపడ్డాడు. తల్లి వెన్నుదన్నుగా నిలిచింది. 1890లో రోము విశ్వవిద్యాలయంలో ప్రకృతిశాస్త్రాల తరగతిలో ప్రవేశించి, ఆ పరీక్ష నెగ్గి, దాని మీదుగా వైద్యశాఖలో అడుగుపెట్టింది.

పురుష విద్యార్థుల సరసన నిలిచి ఒక యువతి మృతదేహాన్ని కోయడం అసభ్యమని ఆనాటి అభిప్రాయం. అందుచేత ఆమె ఆ పాఠాన్ని అందరూ వెళ్ళిపోయిన తరువాత, దీపం వెలుతురులో, ఒంటరిగా నేర్చుకోవలసి వచ్చేది. ఆ గదిలోని నిశ్శబ్దానికీ, దుర్గంధానికీ ఓర్చుకొని ఆమె 1896లో వైద్యపట్టం అందుకొన్నది. ఇటలీలో వైద్యురాలు కాగలిగిన తొలితరం స్త్రీలలో ఆమె ఒకరు. అదే సంవత్సరం బెర్లినులో జరిగిన మహిళా మహాసభకు ప్రతినిధిగా వెళ్ళి, ఒకే పని చేసే స్త్రీపురుషులకు ఒకే కూలి ఉండవలెనని వాదించింది. పనిచేసి బ్రతికే తల్లుల పక్షాన ఆమె నిలిచిన మొదటి సందర్భం అది.

లోకం వదలివేసిన పిల్లలు

పట్టం పొందిన పిమ్మట విశ్వవిద్యాలయపు మానసిక చికిత్సాలయంలో సహాయకురాలుగా పనిచేస్తూ ఆమె రోములోని పిచ్చాసుపత్రులను సందర్శించేది. బుద్ధిమాంద్యం గల పసివాండ్రను ఆ కాలంలో ఉన్మాదులతో కలిపి అక్కడనే బంధించి ఉంచేవారు. భోజనం ముగియగానే ఆ పిల్లలు నేలపై రాలిన రొట్టె తునకలకోసం పాకులాడేవారట. కావలివారి కంటికి అది జంతుసహజమైన ఆబగా తోచింది. మాంటిసోరికి మాత్రం మరొకటి కనబడింది. ఆ గదిలో చేతితో పట్టుకొనడానికి, తిప్పి చూడడానికి మరొక వస్తువంటూ లేదు. వారి ఆకలి కడుపుకు చెందినది కాదనీ, చేతులకూ మనస్సుకూ చెందినదనీ ఆమె గ్రహించింది.

అప్పటినుండి ఆమె ఫ్రెంచి వైద్యులైన ఇటార్, సెగ్విన్‌ల గ్రంథాలను శ్రద్ధగా అధ్యయనం చేసింది. అడవిలో దొరికిన బాలునికి మానవుల నడవడి నేర్పడానికి ఇటార్ పడిన శ్రమ, మందబుద్ధుల చదువుకు సెగ్విన్ కల్పించిన ఉపకరణాలు ఆమెకు మార్గదర్శకాలయినవి. ఆ గ్రంథాలను ఇటాలియన్‌లోనికి మార్చుకొంటూ ఆమె స్వహస్తాలతో ఆసాంతం వ్రాసికొన్నది. 1900లో రోములో అటువంటి పిల్లలకోసం ఒక శిక్షణ పాఠశాల వెలసింది. దానికి ఆమె, సహవైద్యుడు జ్యూసెప్పె మాంటెసానో కలిసి సారథ్యం వహించారు. ఆ పాఠశాల పిల్లలలో కొందరు చదువను, వ్రాయను నేర్చి మామూలు పిల్లల పరీక్షలో కృతార్థులయ్యారు. లోకం చప్పట్లు కొట్టింది. మాంటిసోరిని మాత్రం మరొక ప్రశ్న వేధించింది. తన పిల్లలు ఇంత పైకి రాగలిగినప్పుడు, ఆరోగ్యవంతులైన పిల్లలను మామూలు బడులు ఎందుకు అంత క్రిందనే ఉంచుతున్నవి?

కన్నబిడ్డకు దూరంగా

ఈ కీర్తి వెనుక ఒక రహస్యమున్నది. మాంటెసానోతో కలిగిన అనురాగ ఫలంగా 1898 మార్చి 31న ఆమెకు ఒక కుమారుడు జన్మించాడు. పేరు మారియో. వారికి వివాహం కాలేదు. సంగతి వెల్లడి అయితే ఆమె వృత్తికీ, ప్రతిష్ఠకూ ఆనాటి సమాజంలో నూకలు చెల్లినట్లే. శిశువును రోము సమీపంలోని ఒక పల్లె కుటుంబానికి పెంపకానికి అప్పగించారు. ఆమె అప్పుడప్పుడు వెళ్ళి బిడ్డను చూచి వచ్చేది. తానెవరో మాత్రం చెప్పలేదు. కొంతకాలానికి మాంటెసానో మరొక స్త్రీని వివాహమాడాడు. 1901లో మాంటిసోరి ఆ పాఠశాలను, ఆ సహవాసాన్ని విడిచి మళ్ళీ విద్యార్థినియై తత్త్వశాస్త్రం, మానవశాస్త్రం చదువనారంభించింది.

ఈ ఉదంతాన్ని తప్పొప్పుల తక్కెడలో తూచడం సులభం. అయితే ఒక్క విషయం స్మరణీయం. తల్లి పనికి పోయినంత మాత్రాన బిడ్డ దిక్కులేనిది కారాదనీ, తల్లి భారాన్ని సంఘం పంచుకోవలెననీ ఆమె చేసిన బోధ ఏ గ్రంథంలోనో చదివి చెప్పినది కాదు. బిడ్డను వదలి వెనుదిరిగిన తల్లి అడుగుల బరువు ఆమెకు స్వయంగా తెలుసు.

ఇంటి పరిస్థితి, బడి తీర్పు

1904 మొదలు 1908 వరకు ఆమె రోము విశ్వవిద్యాలయంలో విద్యా సంబంధమైన మానవశాస్త్రాన్ని బోధించింది. ప్రాథమిక పాఠశాలల పిల్లల ఎత్తు, బరువు, తల చుట్టుకొలతలను సేకరించింది. తల కొలతలను బట్టి తెలివిని అంచనా కట్టవచ్చునన్న ఆనాటి నమ్మకాన్ని తరువాతి విజ్ఞానం త్రోసిపుచ్చింది. ఆమె గ్రంథాలలోని ఆ భాగాలు నేడు చెల్లవు. కాని ఆ పనిలోనే ఆమె మరొక నిజాన్ని పట్టుకొన్నది. కుటుంబ పరిస్థితులకూ విద్యార్థుల బుద్ధిస్థాయికీ గల సంబంధాన్ని గూర్చి 1904లో ఒక పరిశోధన వ్యాసం ప్రకటించింది. బడిలో బహుమతులు అందుకొనే బుద్ధిమంతులలో ఎక్కువమంది తిండికీ, వసతికీ లోటు లేని ఇండ్లనుండి వస్తున్నారు. మొద్దులని శిక్షలు తినేవారు ఇరుకు గదులనుండి, అరకడుపుతో వస్తున్నారు. ఉపాధ్యాయుడు తెలివికి మార్కులు వేస్తున్నానని భావిస్తూ పిల్లవాని ఇంటికి మార్కులు వేస్తున్నాడన్నమాట. ఇంటిని ఎరుగకుండా పిల్లవానిపై తీర్పు చెప్పడం అన్యాయమని ఆమెకు స్థిరపడింది.

సాన్ లొరెంజో

అటువంటి ఇండ్లమధ్యకే ఆమె వెళ్ళే అవకాశం త్వరలో వచ్చింది. రోము ప్రాచీన ప్రాకారానికి ఆవల, శ్మశానవాటిక సమీపాన సాన్ లొరెంజో అనే వాడ ఉన్నది. 1880ల చివర నగరంలో ఇండ్ల నిర్మాణం వెర్రితలలు వేసి, పెట్టుబడిదారులు దివాలా తీయగా అక్కడి భవనాలు సగంలో నిలిచిపోయినవి. నిరుపేదలు వాటిలోనికి చేరారు. ఒక గదిని అద్దెకు తీసుకొన్నవాడు అందులోని మూలలను మరి నలుగురికి అద్దెకిచ్చేవాడు. గాలి, వెలుతురు, మరుగు లేని ఆ కొంపలు రోగాలకూ, నేరాలకూ ఆలవాలమయినవి. తరువాత ఒక స్థిరాస్తుల సంస్థ వాటిని కొని, బాగుచేసి, కుటుంబాలకు ఇవ్వసాగింది. ఇంజనీరు ఎడ్వార్డొ తాలామో ఆ సంస్థకు అధిపతి. తల్లిదండ్రులు పనికి పోగానే పసిపిల్లలు కొత్తగా సున్నం వేసిన గోడలను, మెట్లను పాడుచేస్తున్నారు. మరమ్మతులకు పోసే డబ్బుతో ఆ పిల్లలను ఒకచోట చేర్చి కనిపెట్టి ఉంటే లాభమని ఆయనకు తోచింది. ఆ పనికి మాంటిసోరిని కోరాడు. పాఠశాల స్థాపనకు మూలకారణం గోడల మీది సున్నమే! ఆమె మాత్రం అందులో తాను చిరకాలంగా వెదకుతున్న ప్రయోగశాలను చూచింది.

1907 జనవరి 6న మార్సి వీధిలోని 58వ నంబరు భవనంలో ఆ బడి తెరువబడింది. మూడు మొదలు ఆరేండ్ల వయస్సు గల పిల్లలు సుమారు ఏబదిమంది చేరారు. దానికి పిల్లల ఇల్లు అని పేరు పెట్టారు. ఆరంభదినాన పిల్లలు ఒకరి చేయి ఒకరు పట్టుకొని, కన్నీరు కారుస్తూ, కొత్త మనుషులను చూచి బెదరిపోయారు. వారిని చూచుకొనడానికి నియమించిన యువతి శిక్షణ పొందిన ఉపాధ్యాయిని కాదు.

తల్లులతో ఒడంబడిక

ఆ పిల్లల ఇంటికి ఒక నిబంధనావళి ఉండేది. భవనంలో గోడకు అది వ్రేలాడేది. బడికి ఫీజు లేదు. అందుకు బదులుగా తల్లులు కొన్ని బాధ్యతలు వహించాలి. పిల్లలను వేళకు, శుభ్రంగా, పైన ఉడుపు తొడిగి పంపాలి. పంతులమ్మను గౌరవించాలి, పిల్లలను తీర్చిదిద్దే పనిలో ఆమెకు సహకరించాలి. వారానికి ఒకసారి అయినా తల్లి వచ్చి, ఇంట్లో బిడ్డ తీరు ఎట్లున్నదో పంతులమ్మకు చెప్పి, ఆమె సలహా వినవచ్చును. పంతులమ్మ కూడా అదే భవనంలో కాపురముండాలి. కావున ఆమె పైఅధికారిణి కాదు, ఇరుగుపొరుగు. తల్లులు ఏ వేళనైనా బడిలో తొంగిచూడవచ్చును. బడి వారి సొంత ఆస్తి.

ప్రతి పిల్లవాని పేర ఒక జీవిత పత్రం తయారయింది. తల్లిదండ్రుల పేర్లు, వయస్సులు, వృత్తులు, కుటుంబ ఆరోగ్యచరిత్ర, పిల్లవాడు ఎదిగిన తీరు అందులో మొదట వ్రాసేవారు. వారానికి ఒకసారి బరువు, నెలకు ఒకసారి ఎత్తు చూచి అందులో ఎక్కించేవారు. వైద్యుడు పరీక్షించేవాడు. ఈ వివరాలను చెప్పగలవారు తల్లులే. పెరుగుతున్న అంకెలను చూచి మురిసేదీ వారే. పరిశోధకురాలు పత్రం తీసుకొని వెళ్ళిపోయి ఎక్కడనో గ్రంథం వ్రాయడం కాక, తెలిసికొన్న సంగతి మళ్ళీ తల్లికే తిండి విషయంలోనో, స్నానం విషయంలోనో సలహాగా తిరిగి వచ్చేది. ఇచ్చిపుచ్చుకొనే ఈ వ్యవహారంలోనే నమ్మకం పెరిగింది.

ఈ ఒడంబడికలో కాఠిన్యం లేకపోలేదు. మురికిగా వచ్చే పిల్లలను, అమర్యాదగా ప్రవర్తించే తల్లిదండ్రుల పిల్లలను బడినుండి తొలగించే అధికారం నిబంధనలలో ఉండేది. కడు పేదరాలికి నీటికీ సబ్బుకూ ఉండే కటకట ఎరిగినవారికి ఆ నియమం కటువుగానే తోస్తుంది. యజమాని దృష్టి ఆస్తిరక్షణమీద ఉన్నదన్న మాట కూడా నిజమే. అయినా వారానికొక మాటు తల్లి చెప్పుకొనే మాటకు ఆ బడి చెవియొగ్గింది.

పిల్లలు నేర్పిన పాఠాలు

కొద్ది నెలలలో ఆ పిల్లలు మారారు. గుంటలలో కొయ్య దిమ్మెలను అమర్చే ఆటలో మునిగిన మూడేండ్ల పాప, చుట్టూ పిల్లలు పాటలు పాడుతున్నా, కూర్చున్న కుర్చీతో సహా బల్లమీదికి ఎత్తినా చలించక, నలుబది మార్లకు పైగా అదే పని చేసి, తృప్తిగా కన్నులు తెరిచింది. పసివారికి నిలకడ ఉండదన్న లోకవాక్యం ఆ పాప ముందు వీగిపోయింది. పంతులమ్మ ఒకనాడు బీరువాకు తాళం వేయడం మరచింది. ఆమె వచ్చేసరికి పిల్లలు ఎవరికి కావలసిన వస్తువును వారు తీసుకొని పనిలో మునిగి ఉన్నారు. దానిని ఆమె దొంగతనమనుకొన్నది. మాంటిసోరి ఎన్నుకొనే స్వేచ్ఛగా భావించి, పిల్లలకు అందే ఎత్తులో తలుపులు లేని అలమారులు పెట్టించింది.

మరొకనాడు ఆమె ముక్కు చీదుకొనే విధానాన్ని పిల్లలకు పాఠంగా నేర్పింది. నవ్వుతారనుకొంటే పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆ పేద పిల్లలు తమ ముక్కు విషయమై నిత్యం చీవాట్లు తినేవారే. ఎట్లు శుభ్రం చేసికోవలెనో అవమానపరచకుండా చూపినవారు అంతవరకు లేరు. పసివానికి కూడా ఆత్మగౌరవమున్నదనీ, అది నిలిచిన చోటనే అతడు నిలుస్తాడనీ ఆ చప్పట్లు ఆమెకు బోధించినవి.

చదువు విషయంలో తల్లుల పాత్ర మరీ ఘనమైనది. ఇంత చిన్న వయస్సులో అక్షరాలు నేర్పే ఉద్దేశం మాంటిసోరికి మొదట లేదు. పిల్లలు చురుకుదేరడం చూచిన తల్లులు కొందరు కూడబలుక్కొని ఆమె వద్దకు వచ్చారు. తమ బిడ్డలకు చదవడం, వ్రాయడం నేర్పుమని ప్రాధేయపడ్డారు. తమకు లేని సంపద తమ బిడ్డకు దక్కవలెనన్న ఆరాటం అది. ఆమె ఆ మాట మన్నించి, గరుకు కాగితంతో అక్షరాలు కత్తిరింపించి, వేలితో తడుముతూ ధ్వని పలికే పద్ధతి ప్రవేశపెట్టింది. శీతకాలంలో ఒకనాడు మేడమీద ఎండలో కూర్చొన్న ఒక బాలునికి సుద్దముక్క ఇచ్చి పొగగొట్టం బొమ్మ గీయమన్నది. బొమ్మ గీసిన బాలుడు వ్రాయగలనంటూ, ఆనందంతో కేకలు వేస్తూ నేలమీద మాటలు వ్రాయనారంభించాడు. అతనిని చూచి మరొకడు, మరొకర్తె. తలుపులమీద, గోడలమీద, ఇండ్లలో రొట్టె పెచ్చులమీద సయితం వ్రాతలు వెలిసినవి. నేల పాడవుతున్నదని తల్లులే కాగితం, పెన్సిలు కొని ఇవ్వవలసి వచ్చింది. మాంటిసోరి విధానంలో లోకం ఎక్కువగా అబ్బురపడిన ఈ ఘట్టానికి నాంది పలికింది చదువురాని తల్లుల కోరిక. పరిశోధకురాలి ప్రణాళికను ఇంటివారి మాట మార్చింది. మార్చనిచ్చిన వినయం ఆమెది.

మార్పు బడి గడప దాటింది. చేతులు కడుగుకొనడం నేర్చిన పిల్లలు ఇంటివద్ద కూడా శుభ్రత కోరారు. భవనంలో కిటికీల అద్దాలు తళతళలాడినవి. ఒకటి రెండు కిటికీలలో పూలకుండీలు వెలిసినవి. బిడ్డ ఇంటిచేత పెరుగుతాడని అందరెరుగుదురు. బిడ్డచేత ఇల్లు కూడా ఎదుగుతుందని సాన్ లొరెంజో చూపింది.

రకరకాల ఇండ్లు, ఒకే బాల్యం

ఒక్క పేదవాడలో కనుగొన్నదానిని పిల్లలందరికీ అన్వయించవచ్చునా? ఈ ప్రశ్నకు సమాధానం వివిధ కుటుంబాల పిల్లలను చూచిన పిమ్మటనే లభించింది. 1908లో మిలాను నగరంలో ఒక పిల్లల ఇల్లు, రోములోనే మధ్యతరగతివారి పిల్లలకు మరొకటి వెలిసినవి. సంపన్నుల పిల్లలను పనిలో నిలపడం పేదపిల్లలను నిలపడంకంటె మొదట కష్టమయినదని మాంటిసోరి గమనించింది. ఖరీదయిన బొమ్మలతో విసిగిన ఆ పిల్లలకు ఏ వస్తువుమీదనూ మనసు నిలిచేది కాదు. కొంతకాలం గడిచాకనే వారిలోనూ ఆ ఏకాగ్రత మేల్కొన్నది. లేమి ఒక విధంగా బాధిస్తే, అతిభోగం మరొక విధంగా బాల్యాన్ని బాధిస్తుంది.

1908 డిసెంబరు 28న మెస్సీనా నగరం భూకంపంలో నేలమట్టమయింది. వేలాదిమంది మరణించారు. శిథిలాలలో దొరికిన పసివారు సుమారు అరువదిమంది రోముకు తేబడి, జ్యుస్తి వీధిలోని సన్యాసినుల మఠంలో ఆశ్రయం పొందారు. కొందరి పేర్లు కూడా ఎవరికీ తెలియవు. వారు పలుకరు; నవ్వరు; సరిగా తినరు, నిద్రించరు. అక్కడ నెలకొల్పిన పిల్లల ఇంట్లో వారికి పని కల్పించారు. బల్ల సర్దడం, వడ్డించడం, తోటలో నడవడం, క్రమమైన దినచర్య, ఓర్పుగల పెద్దల సాన్నిధ్యం: ఔషధం ఇదే. మెల్లమెల్లగా ఆకలి పుట్టింది, నిద్ర పట్టింది, కడకు నవ్వు వచ్చింది. ఇల్లు, వాకిలి, తల్లి, తండ్రి అన్నీ ఒక్క ఉదయాన పోగొట్టుకొన్న పిల్లలు సయితం తిరిగి మొలకెత్తగలరని మాంటిసోరి కన్నులారా చూచింది. మొదటి ప్రపంచయుద్ధంలో, 1917లో, యుద్ధభూముల పిల్లల మనోవ్యాధులను మాన్పడానికి శ్వేత శిలువ సంఘమొకటి ఏర్పడవలెనని ఆమె ప్రతిపాదించింది. ఆ సంఘం రూపు దాల్చలేదు. కాని గాయపడిన దేహంవలెనే గాయపడిన బాల్యానికి కూడా చికిత్స ఉండవలెనన్న ఆ ఊహ కాలానికి మించినది.

కీర్తి, విమర్శ, ప్రవాసం

1909లో వెలువడిన ఆమె గ్రంథం 1912లో ఇంగ్లీషులోనికి అనువదింపబడి అమెరికాలో సంచలనం కలిగించింది. 1913లో ఆమె అమెరికా వెళ్ళింది. 1915లో సాన్ ఫ్రాన్సిస్కో ప్రదర్శనలో గాజుగోడల తరగతి గదిని నెలకొల్పి, పిల్లలు పనిచేసే తీరును జనులకు చూపింది. 1912 డిసెంబరులో తల్లి మరణించింది. అటుపై పదునైదేండ్ల ప్రాయంలో మారియో ఆమె చెంత చేరాడు. తల్లీబిడ్డలు ఏకమయ్యారు. అయినా చాలకాలం లోకానికి అతనిని మేనల్లుడనీ, పెంపుడు కుమారుడనీ పరిచయం చేయవలసి వచ్చింది.

విమర్శలు కూడా వచ్చినవి. 1914లో అమెరికన్ విద్యావేత్త కిల్‌పాట్రిక్ ఆమె సిద్ధాంతాలు పాతబడిన మనశ్శాస్త్రంపై నిలిచినవని వ్రాశాడు. అమెరికాలో ఆమె ప్రభావం క్షీణించడానికి అది ఒక కారణం. తన ఉపకరణాలను, శిక్షణను ఆమె గట్టిగా తన చేతిలోనే ఉంచుకొన్నదన్న ఆక్షేపణ ఉన్నది. పేదల వాడలో పుట్టిన పద్ధతి పలుచోట్ల సంపన్నుల బడులకు అలంకారమయినది. 1924 మొదలు కొన్నేండ్లు ముస్సోలినీ ప్రభుత్వపు ఆదరణను ఆమె స్వీకరించడం ఆమె చరిత్రలో ఒక మచ్చ. నియంతకూ, స్వేచ్ఛను బోధించే విద్యకూ ఎంతోకాలం పొసగలేదు. 1934లో ఇటలీలో ఆమె పాఠశాలలు మూతపడినవి. జర్మనీలో నాజీలు అంతకుముందే మూయించారు. బార్సిలోనాలో స్థిరపడిన ఆమెను 1936లో అంతర్యుద్ధం అక్కడినుండి కూడా తరిమి హాలెండుకు చేర్చింది.

అడయారులో

1931లో లండనులో గాంధీజీ ఆమెను కలిసికొని, ఆమె శిక్షణ కళాశాలలో ప్రసంగించారు. ఆ పిల్లల ప్రశాంతతను మెచ్చుకొంటూనే, ఈ విద్య భారతదేశపు పల్లెల పేదపిల్లలకు అందగలదా అన్న తమ ఆకాంక్షను వెల్లడించారు. సాన్ లొరెంజోలో మొదలయిన ప్రశ్ననే ఆయన మళ్ళీ ఆమె ముందుంచారు.

దివ్యజ్ఞాన సమాజాధ్యక్షులు అరండేల్ ఆహ్వానంపై 1939లో ఆమె మారియోతో మద్రాసు చేరి, అడయారులో ఉపాధ్యాయుల శిక్షణ ప్రారంభించింది. తెలుగు జిల్లాలలో పెక్కు అప్పుడు మద్రాసు రాష్ట్రంలోనివే. దేశపు నానాదిక్కులనుండి సుమారు మూడువందలమంది ఆ మొదటి తరగతిలో చేరారు. 1940 జూనులో ఇటలీ యుద్ధంలో ప్రవేశించగానే ఆ తల్లీకొడుకులు శత్రుదేశీయులయ్యారు. మారియోను నిర్బంధ శిబిరానికి తరలించారు. ఆమెను అడయారు ఆవరణ దాటరాదన్నారు. ఆమె డెబ్బదవ జన్మదినమైన ఆగస్టు 31న మారియో విడుదలయ్యాడు. పుట్టినరోజు కానుకగా ఆమె కుమారుని ఆమెకే తిరిగి ఇస్తున్నామని వైస్రాయి తంతి పంపినట్లు చెప్పుకొంటారు. నలుబది రెండేండ్లుగా ఆమె నోరు విప్పి చెప్పలేని బంధుత్వాన్ని పరాయి ప్రభుత్వపు కాగితం ఒక్క మాటతో లోకానికి ప్రకటించింది.

కొడైకెనాలులో గడిపిన సంవత్సరాలలో ఆమె దేశవిదేశీయుల పిల్లలను చేర్చి ఒక బడి నడిపింది. అన్నిటికంటె ఈ దేశపు తల్లులు ఆమెను ఆకర్షించారు. చంకనెత్తుకొన్న బిడ్డతోనే సంతకు, పొలానికి, పెండ్లికి వెళ్ళే తల్లి, ఆ బిడ్డకు తెలియకుండానే భాషను, మనుషులను, లోకాన్ని పరిచయం చేస్తున్నదని గమనించింది. పసిమనస్సు పరిసరాలను తనలోనికి పీల్చుకొంటుందన్న ఆమె కడపటి సిద్ధాంతం 1949లో అడయారునుండి గ్రంథరూపంలో వెలువడింది. ఈ దేశంలో ఆమె వద్ద వేయిమందికి పైగా ఉపాధ్యాయులు శిక్షణ పొందారు. 1952 మే 6న హాలెండులో సముద్రతీరాన గల నోర్డ్‌వైక్‌లో, కుమారుని సన్నిధిలో ఆమె కన్నుమూసింది.

ఆమె మరణించిన మూడేండ్లకు, 1955లో, హవాయి దీవులలోని కవాయిలో ఆ ఏడు పుట్టిన 698 మంది శిశువుల జీవితాలను దశాబ్దాలపాటు అనుసరించే పరిశోధన ఒకటి ఆరంభమయింది. ఎమ్మీ వెర్నర్ అనే విదుషి దానికి ప్రాణం పోసింది. స్థానికులు, జపాను, ఫిలిప్పీన్సు దేశాలనుండి చెరకు తోటల పనికి వచ్చినవారు, ఇంకా పలు జాతులవారు ఆ కుటుంబాలలో ఉన్నారు. పేదరికం, కలహాలు, రోగాలు ముసిరిన ఇండ్లలో పెరిగిన పిల్లలలో మూడవ వంతు మంది సమర్థులైన, దయగల పెద్దలయ్యారు. అమ్మమ్మో, తాతయ్యో, పొరుగింటివారో, ఉపాధ్యాయుడో, వారిని ఆదరించిన మనిషి ఎవరో ఒకరు ఉండడం అందుకు ముఖ్యకారణాలలో ఒకటని తేలింది. మాంటిసోరి జీవిత పత్రాలకూ ఈ పరిశోధనకూ పద్ధతిలో భేదమెంతో ఉన్నది. గుమ్మం మాత్రం ఒకటే. రెండూ బిడ్డను చేరడానికి ఇంటిగుండానే వెళ్ళినవి.

ఉపకరణాలు కొనగల స్తోమతు లేని బడులు మన దేశంలో ఎన్నో ఉన్నవి. వాటి ఉపాధ్యాయులు ఈ జీవితాన్ని చదివి నిరాశ చెందవలసిన పని లేదు. సాన్ లొరెంజోలో ఖరీదు లేని వస్తువు ఒకటున్నది: వారానికొకసారి తల్లి చెప్పే మాటను కూర్చుండి వినడం. వెనుక బెంచీలోని పిల్లవాని పేరు హాజరుపట్టీలో ఉంటుంది; అతని కథ అతని ఇంటిలో ఉంటుంది. ఆ ఇంటి గుమ్మం ఎక్కిన ఉపాధ్యాయునికి ఆ కథతోపాటు ఆ బిడ్డను నిలబెట్టగల బలం కూడా అక్కడనే దొరుకుతుంది.